లాగ్ చదవడం వచ్చిన పిల్లలు కావాలి

గోదావరి జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీల బ్రోచర్లు తిరగేస్తే సైబర్ సెక్యూరిటీ బ్రాంచి ఇప్పుడు చాలాచోట్ల కనిపిస్తోంది. కాకినాడ, భీమవరం, అమలాపురం, రాజమహేంద్రవరం, ఎటు చూసినా సీట్లకు కొదవ లేదు. కొదవంతా ల్యాబులో గడిపే గంటలకే. నాలుగేళ్లు చదివిన కుర్రాణ్ని సమాచార భద్రతకు మూడు మూలసూత్రాలేమిటని అడిగితే గడగడా చెప్పేస్తాడు. అదే కుర్రాడి ముందు మూడొందల లైన్ల లాగిన్ లాగ్ (ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో సర్వర్ రాసుకునే ఫైలు) పెట్టి, ‘రాత్రి ఈ సర్వర్లోకి ఎవరైనా దూరారా?’ అని అడగండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దిక్కులు చూస్తాడు. కంపెనీలు జీతమిచ్చేది మాత్రం ఆ రెండో ప్రశ్నకే.

ఈ రంగంలో కొత్తవాళ్లకు ఎక్కువగా దొరికే మొదటి ఉద్యోగం సాక్ అనలిస్టు. సాక్ అంటే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్. హైదరాబాదులోనో బెంగళూరులోనో షిఫ్టుల్లో కూర్చుని, తెర మీదికి వచ్చే అలర్టుల్లో ఏది నిజం, ఏది ఉత్తుత్తిది అని తేల్చడం పని. సినిమాల్లో చూపించే హ్యాకింగుతో దానికి పోలికే లేదు. తెల్లవారుజామున మూడింటికి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందేమోనని ఏరియేటర్ల మీద కన్నేసి రొయ్యల చెరువు గట్టున కూర్చునే మనిషి పనికి అది చాలా దగ్గర. మామూలుగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో బాగా తెలిసినవాడికే తేడా వచ్చినప్పుడు కళ్లకు కడుతుంది.

అందుకే రెండు రోజుల ‘ఎథికల్ హ్యాకింగ్ వర్క్‌షాపు’ పెట్టి, తలా ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపడం వల్ల ఒరిగేదేమీ లేదని గట్టిగా చెప్పాలి. అతిథి వక్త టూల్ నడిపిస్తాడు, తెర మీద పచ్చ అక్షరాలు పరిగెడతాయి, పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ డబ్బుతో పాత కంప్యూటర్లకు ర్యామ్ పెంచుకుంటే ఏళ్లపాటు పనికొస్తుంది.

మొదటి సెమిస్టరంతా నెట్‌వర్కింగ్, లైనక్స్ మీదే పెట్టాలి. అటాక్ టూల్స్ జోలికి అప్పుడే వెళ్లకూడదు. బ్రౌజర్లో ఒక పేరు కొట్టగానే డీఎన్‌ఎస్ ప్రశ్న 53వ పోర్టుకు వెళ్లడం, జవాబుగా ఐపీ అడ్రస్ రావడం, ఆ తర్వాత సిన్, సిన్-యాక్, యాక్ అనే మూడు ప్యాకెట్లతో 443వ పోర్టు మీద కనెక్షన్ ముడిపడడం, ఇదంతా నెట్‌వర్కులో తిరిగే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్కులో ప్రతి విద్యార్థీ తన కళ్లతో చూసి, కాగితం మీద వరస రాయాలి. లైనక్స్ కమాండ్లకు ఓవర్‌ద‌వైర్‌ అనే వెబ్‌సైటులోని బ్యాండిట్ ఆట ఉచితం. ఒక్కో మెట్టులో పాస్‌వర్డ్ కనిపెడితేనే తర్వాతి మెట్టు. వారానికి మూడు నాలుగు మెట్లు చాలు. జవాబులు నెట్‌లో దొరుకుతాయి కాబట్టి పాస్‌వర్డ్ అడిగితే లాభం లేదు. ఏ కమాండ్ ఎందుకు వాడారో నోటితో చెప్పించాలి.

ఇక ల్యాబు. కొత్త హార్డ్‌వేర్ అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్, 80 జీబీ ఖాళీ డిస్కు ఉన్న డెస్క్‌టాపులు చాలు. ఒక్కోదానిలో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్లోనే ఇంకో కంప్యూటరును, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, దాడి టూల్స్‌తో వచ్చే కాలీ లైనక్సుకు 2 జీబీ, మెటాస్ప్లాయిటబుల్ 2 కు 512 ఎంబీ ఇస్తే మిగిలింది విండోసుకు సరిపోతుంది. మెటాస్ప్లాయిటబుల్ అంటే కావాలనే లొసుగులతో తయారుచేసిన పాత ఉబుంటు లైనక్స్. నేర్చుకోవడానికి దాన్ని మించిన లక్ష్యం లేదు. అయితే దాన్ని ‘ఇంపోర్ట్’ చేయబోయి చాలామంది చిక్కుకుంటారు. అది రెడీగా వచ్చే డిస్కు ఫైలు మాత్రమే. కొత్త లైనక్స్ మెషీన్ ఒకటి సృష్టించి, డిస్కు దగ్గర ‘ఉన్న ఫైలు వాడు’ అని దీన్ని చూపించాలి.

ఇమేజి ఫైళ్లను నలభై మందీ ఒకేసారి దింపుకుంటే కాలేజీ ఇంటర్నెట్ కూలబడుతుంది. ఒకరు దింపి పెన్‌డ్రైవుతో పంచాలి. పెన్‌డ్రైవు ఫ్యాట్32 ఫార్మాట్లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోవాలి. కాపీ చేశాక ప్రతివాళ్లూ కాలీ ఫైలు షా256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కకట్టి, అసలు వెబ్‌సైటులో ఉన్నదానితో పోల్చి చూడాలి. విండోసులో సెర్ట్‌యుటిల్ అనే కమాండ్ దీనికి ఉంది. హ్యాష్ అంటే ఏమిటో వేరే పాఠం చెప్పక్కర్లేకుండా అక్కడే అర్థమైపోతుంది.

చాలా ల్యాబులు ఆగిపోయేది ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ ఆప్షన్ దగ్గర. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే మొదటి ప్రోగ్రామ్‌లో) దాన్ని ఆన్ చేయకపోతే వర్చువల్ మెషీన్ లేవదు. ఆన్ చేసినా వారం తిరిగేసరికి మళ్లీ ఆఫ్ అయిపోయిందంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ చచ్చిందన్నమాట. బ్యాటరీ పోయి, కరెంటు కూడా పోతే బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి, గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్తుంది. గడియారం తప్పితే వెబ్‌సైట్లు సర్టిఫికెట్ ఎర్రర్ ఇస్తాయి, లాగుల్లో టైములన్నీ తప్పుగా పడతాయి. ఆ చిన్న బిళ్ల మారిస్తే సగం ఫిర్యాదులు పోతాయి. వేసవి సెలవుల్లో మూతపడి, వానాకాలం తేమలో తెరిచిన ల్యాబులో బీప్ శబ్దం చేసి లేవని సిస్టమ్ ఉంటే ముందు ర్యామ్ తీసి, బంగారు రంగు కొసల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి పెట్టి చూడండి. వర్చువల్‌బాక్స్ కిటికీ కింది వరసలో తాబేలు బొమ్మ కనిపిస్తే విండోసు సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ హైపర్-వీ అడ్డుపడుతోందని. మెషీన్ నిజంగానే తాబేలులా నడుస్తుంది. విండోస్ ఫీచర్లలోనూ, కోర్ ఐసోలేషన్‌లోనూ దాన్ని ఆపి రీస్టార్ట్ చేయాలి. అది ల్యాబు మెషీన్లలోనే చేయాలి. ఆఫీసు కంప్యూటర్లలో కోర్ ఐసోలేషన్ రక్షణ తీసేయకూడదు.

నెట్‌వర్కు సెట్టింగు విషయంలో మాత్రం రాజీ వద్దు. మెటాస్ప్లాయిటబుల్‌ను ‘బ్రిడ్జ్‌డ్’లో పెడితే అది కాలేజీ నెట్‌వర్కులో మామూలు కంప్యూటరులా ఐపీ తీసుకుంటుంది. అంటే తలుపుల్లేని ఇల్లొకటి ఫీజుల కౌంటర్ సర్వర్ పక్కనే తెచ్చి కట్టినట్టే. ఎప్పుడూ ‘హోస్ట్-ఓన్లీ’ (ఆ కంప్యూటరు దాటి బయటికి పోని నెట్‌వర్కు) పెట్టాలి. అప్పుడు ఐపీలు మామూలుగా 192.168.56 తో మొదలవుతాయి. వేరే వరస కనబడితే లెక్చరర్ గారు అక్కడే ఆపించాలి. కరెంటు పోయి వస్తూ ఉంటుంది కాబట్టి, అంతా సరిగ్గా ఉన్న రోజున స్నాప్‌షాట్ (మెషీన్ అప్పుడున్న స్థితిని దాచే కాపీ) తీసుకుని, ప్రతి క్లాసూ దాని నుంచే మొదలుపెడితే వర్చువల్ మెషీన్ పాడైనా రెండు నిమిషాల్లో వెనక్కి వస్తుంది.

మొదటి ప్రయోగంగా టెల్‌నెట్ (దూరపు సర్వర్‌లోకి లాగిన్ అయ్యే, ఏదీ గుప్తంగా పంపని పాత పద్ధతి) మంచిది. కాలీ నుంచి మెటాస్ప్లాయిటబుల్‌లోకి టెల్‌నెట్‌తో లాగిన్ అయి, వైర్‌షార్కులో ‘ఫాలో టీసీపీ స్ట్రీమ్’ నొక్కితే యూజర్‌నేములో ప్రతి అక్షరం రెండేసిసార్లు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ మాత్రం ఒక్కోసారే. ఎందుకు? యూజర్‌నేము అక్షరాల్ని సర్వర్ తిరిగి మన తెర మీదికి పంపుతుంది, పాస్‌వర్డు అక్షరాల్ని పంపదు. ఈ ‘ఎందుకు’ను పిల్లలే కనిపెట్టేదాకా చెప్పకండి. తర్వాత అన్నీ గుప్తంగా పంపే ఎస్‌ఎస్‌హెచ్‌తో అదే పని చేయబోతే ‘హోస్ట్ కీ రకం కలవడం లేదు’ అని కాలీ మొరాయిస్తుంది. ల్యాబు చెడిపోయిందనుకుని చాలామంది అక్కడే వదిలేస్తారు. పాత సర్వర్ వాడే కీ పద్ధతి బలహీనమైనదని కొత్త క్లయింటు దాన్ని తిరస్కరించింది, అంతే. ఆ ఒక్కసారికి పాత ఆర్‌ఎస్‌ఏ కీని ఒప్పుకోమని ఆప్షన్ ఇస్తే కనెక్టవుతుంది. ఈసారి వైర్‌షార్కులో చదవడానికి ఏమీ దొరకదు.

అసలు పాఠం ఇక్కడి నుంచి. సగం మంది హైడ్రా అనే టూల్‌తో ఒకదాని తర్వాత ఒకటిగా పాస్‌వర్డులు గుప్పిస్తారు, మిగతా సగం ఆ దాడి గురించి ముందు ఏమీ తెలియకుండా ఆత్.లాగ్ ఫైలు మాత్రమే చదువుతారు. గ్రెప్‌తో ‘ఫెయిల్డ్ పాస్‌వర్డ్’ లైన్లు ఏరి, వాటిలోంచి ఐపీలు మాత్రం తీసి, సార్ట్ చేసి, యూనిక్‌తో లెక్కపెడితే ఏ ఐపీ నుంచి ఎన్ని ప్రయత్నాలు జరిగాయో ఒక్క నిమిషంలో వస్తుంది. నూటికి తొంభై మంది అంతటితో పని అయిపోయిందనుకుంటారు. ఆ ఐపీ నుంచే ‘యాక్సెప్టెడ్ పాస్‌వర్డ్’ అనే లైను ఒక్కటైనా ఉందా అని చూడరు. నాలుగొందల ఫెయిల్డ్ లైన్లు ఉండడం ఇంటర్నెట్‌లో ఉన్న ఏ సర్వర్‌కైనా రోజూ జరిగే గోల. వాటి తర్వాత ఒక్క యాక్సెప్టెడ్ ఉంటే మాత్రం మేనేజరును నిద్రలేపాల్సిందే. డెబియన్ 12 నుంచి ఆ లాగ్ ఫైలు మామూలుగా రాదు, జర్నల్‌సీటీఎల్‌తో చూడాలి. ఫైలు కనబడలేదని దాడే జరగలేదనుకునేవాళ్లూ ఉంటారు.

విండోస్ లాగులో ఒక్కో రకం సంఘటనకు ఒక్కో నెంబరు ఉంటుంది, వాటిలో నాలుగు నోటికి రావాలి. 4624 లాగిన్ అయ్యాడు, 4625 కాలేకపోయాడు, 4720 కొత్త యూజర్ పుట్టాడు, 1102 ఎవరో సెక్యూరిటీ లాగే తుడిచేశారు. లాగిన్ టైపు 10 అంటే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వచ్చాడని. రైసుమిల్లు ఆఫీసు కంప్యూటర్లో అర్ధరాత్రి దాటాక 4624, టైపు 10, వెంటనే 4720, ఆపైన 1102 వరసగా కనబడితే ఇంకేం అడగక్కర్లేదు.

టైము విషయంలో తప్పులు కోకొల్లలు. క్లౌడ్ మెయిల్, ఫైర్‌వాల్ లాగులు చాలావరకు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి, మన టైము దానికి అయిదున్నర గంటలు ముందు. లాగులో 12వ తేదీ 18:40 అని ఉంటే మనకు 13వ తేదీ అర్ధరాత్రి దాటి 12:10. గంట మార్చి తేదీ మార్చడం మరిచిపోతే, ఆ సమయంలో డ్యూటీలో లేని గుమాస్తా మీద నింద పడుతుంది. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ) ఆదేశాల్లో సర్వర్ల గడియారాలన్నీ ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) టైముతో కలిపి ఉంచమన్నది ఇందుకే. అవే ఆదేశాల ప్రకారం సంఘటన తెలిసిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు కబురు చేయాలి, 180 రోజుల లాగులు ఉంచాలి. ఈ మూడూ మన ప్రాంతంలో ఎన్ని సంస్థలకు తెలుసు? ఇక్కడి పిల్లలకు పని ఉన్నది సరిగ్గా అక్కడే.

డెల్టాలో సైబర్ నేరం అంటే ఓటీపీ ఫోన్లే అనుకుంటారు. డబ్బు పెద్దమొత్తంలో పోయే దారి ఇంకొకటుంది. రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంటులో అకౌంట్స్ మెయిల్ ఒకటుంటుంది. నకిలీ లాగిన్ పేజీతో దాని పాస్‌వర్డు కాజేసినవాడు వెంటనే ఏమీ చేయడు. రోజుల తరబడి మెయిళ్లు చదువుతూ కూర్చుంటాడు. కంటెయినర్ బయల్దేరి, అమెరికా కొనుగోలుదారుకు ఇన్వాయిసు వెళ్లే సమయానికి, కంపెనీ పేరులో ‘ఎమ్’ ఉన్నచోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెట్టిన (ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో చూపుకు ‘ఎమ్’ లాగే ఉంటుంది) డొమైన్ నుంచి ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని మెయిల్ కొడతాడు. కొనుగోలుదారు ఆ ఖాతాలోనే వేసేస్తాడు. సరుకూ పోయె, సొమ్మూ పోయె.

ఇలాంటి మెయిల్ హెడర్ (మెయిల్ ఏ దారిన వచ్చిందో చెప్పే వివరాలు) ఒకటి తయారుచేసి క్లాసులో ఇవ్వాలి. రిసీవ్డ్ లైన్లు కింద నుంచి పైకి చదవాలి. రిప్లై-టు, ఫ్రమ్ ఒకటేనా కాదా చూడాలి. ఎస్‌పీఎఫ్ (పంపిన సర్వర్‌కు ఆ డొమైన్ అనుమతి ఉందో లేదో చూసే తనిఖీ) ‘పాస్’ అని కనబడగానే మంచి మెయిలేనని సంబరపడితే పప్పులో కాలేసినట్టే. నకిలీ డొమైన్ ఆ దొంగదే కాబట్టి దానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్ (డొమైన్ తరఫున మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) అన్నీ వాడే సక్రమంగా పెట్టుకుంటాడు. ఫలానా డొమైన్ నుంచే వచ్చిందని అది చెబుతుంది గానీ, ఆ డొమైన్ మనవాళ్లదేనని చెప్పదు. ఇక బాధితుడి వైపు, పాస్‌వర్డ్ మార్చేసి ఊపిరి పీల్చుకుంటారు. దొంగ పెట్టిపోయిన ఫార్వార్డింగ్ రూలు మాత్రం అలాగే ఉండి, వచ్చిన ప్రతి మెయిలూ వాడికి కాపీ పంపుతూనే ఉంటుంది. అన్ని సెషన్లూ లాగౌట్ చేయడం, ఫార్వార్డింగ్ రూల్స్, రికవరీ ఫోను, అనుమతి పొందిన యాప్‌లు చూడడం, రెండో అంచె ధ్రువీకరణ పెట్టడం, ఇవన్నీ ఆ రోజే జరగాలి. ఖాతా నెంబరు మారిందన్న మెయిలు వస్తే పాత ఫోన్ నెంబరుకు చేసి గొంతు విని నిర్ధారించుకోవాలని కొనుగోలుదారుతో ముందే మాట తీసుకోవాలి. డబ్బు వెళ్లిపోయాక అయితే పంపిన బ్యాంకుకు అప్పటికప్పుడు చెప్పి వెనక్కి రప్పించే ప్రయత్నం చేయించాలి. మన దేశంలోని ఖాతాల నుంచి పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. గంటలు గడిచేకొద్దీ ఆశ సన్నగిల్లుతుంది.

సహకార సొసైటీలది ఇంకో లోకం. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు కేంద్రం 2022 జూన్‌లో పథకం ఆమోదించింది. రైతుల భూమి, అప్పు, ఆధార్ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. కాపాడే మనిషి మాత్రం ఊళ్లో లేడు. డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలకు మన రాష్ట్రంలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పాఠ్యప్రణాళికలోనే ఉంది కదా. సర్వే కాగితాలు నింపి మమ అనిపించే బదులు, ఒక్కో జట్టు ఒక్కో సొసైటీనో మిల్లునో తీసుకుని చూడవచ్చు. విండోస్ 7 ఇంకా నడుస్తోందా (దానికి మద్దతు 2020 జనవరిలోనే అయిపోయింది, విండోస్ 10 కి 2025 అక్టోబరు 14 తో). రౌటర్‌కు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఉందా. సాఫ్ట్‌వేర్ అతను ఎప్పుడో రిపేరుకు పెట్టిన రిమోట్ టూల్ అడగకుండానే లోపలికి రానిచ్చే పద్ధతిలో ఉందా. బ్యాకప్ పెన్‌డ్రైవు కంప్యూటరుకే గుచ్చి ఉందా. గుచ్చి ఉంటే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) దాన్నీ కలిపే తాళం వేస్తుంది. కోనసీమ లంకల్లో 2022 జూలై వరదలు చూసినవాళ్లకు, రెండో కాపీ అదే గదిలో అదే బీరువాలో ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒక కాపీ వేరే ఊళ్లో ఉండాలి, మూడు నెలలకోసారి అందులోంచి ఒక ఫైలు తీసి తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలో వేసుకోకూడదు.

ప్యాచ్‌ల (లొసుగులు పూడ్చే అప్‌డేట్ల) సంగతి వచ్చినప్పుడు వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఉదాహరణ చాలు. 2017 మేలో అది మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లనూ తాకింది. మైక్రోసాఫ్ట్ దానికి మందు, అంటే ప్యాచ్, మార్చిలోనే ఇచ్చింది.

ఇలా వెళ్లే ముందు రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క స్కాన్ కూడా చేయకూడదు. ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద అనుమతి లేని ప్రవేశానికి పరిహారం కట్టాల్సి రావచ్చు, మోసపు ఉద్దేశం ఉందని తేలితే 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉండొచ్చు. ‘నేర్చుకోవడానికి చేశానండీ’ అన్న మాట కాపాడుతుందని అనుకోవద్దు. ఏ కంప్యూటర్లు, ఏ తేదీలు, ఏ గంటలు, ఏం చేయకూడదు, ఏదైనా ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ కాగితం మీద రాసి సెక్రటరీ గారి సంతకం, ముద్ర వేయించుకోవాలి. ఒక మెలిక గుర్తుంచుకోండి. సొసైటీ వాడే పోర్టల్ సర్వరు సొసైటీది కాదు. దాన్ని పరీక్షించుకోమని సెక్రటరీ గారు సంతకం పెట్టినా ఆ అనుమతి చెల్లదు. చూడాల్సింది ఆఫీసు గదిలోని సొంత కంప్యూటర్లు, రౌటరు, అంతవరకే.

అక్కడ ఎదురయ్యే ప్రశ్నలకూ పిల్లల్ని సిద్ధం చేయాలి. ‘అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉండబట్టి పని నడుస్తోందయ్యా, గుమాస్తా సెలవు పెట్టిన రోజున నేనేం చేయను?’ అని పెద్దాయన అడుగుతారు. ఆయన బాధ న్యాయమైనదే. ‘మీకో లాగిన్, గుమాస్తా గారికో లాగిన్ విడివిడిగా పెడదామండి. ఆయన రాని రోజున మీ లాగిన్‌తో మీరు చేసుకోవచ్చు. రేపు లెక్కలో తేడా వస్తే ఎవరి ఎంట్రీయో తెలిసిపోతుంది, ఎవరికీ మాట రాదు’ అని చెప్పగలిగితే ఆయన వింటారు. పాలసీ అలా చెబుతోందంటే వినరు.

లెక్చరర్లకు శిక్షణ లేదన్నది నిజమే, కానీ అందుబాటులో లేనిది కాదు. కేంద్ర ఐటీ శాఖ 2005లో మొదలుపెట్టిన ఐసియా (సమాచార భద్రత విద్య, అవగాహన) ప్రాజెక్టు కింద సీ-డాక్ హైదరాబాద్ వంటి సంస్థలు శిక్షణలు ఇస్తున్నాయి. వెబ్ లొసుగులకు పోర్ట్‌స్విగర్ వాళ్ల అకాడమీ, హ్యాకింగ్ పోటీలకు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ల పికోసీటీఎఫ్ ఉచితం. పదహారు జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ ఒక్కటి దొరికితే దాని మీద వాజూ (లాగులు ఒకచోట చేర్చి అలర్టులిచ్చే సాఫ్ట్‌వేర్) వేసి, 8 జీబీ దానికే కేటాయిస్తే పాతిక కంప్యూటర్ల దాకా లాగులు ఒకచోటికి చేరతాయి, క్లాసే చిన్న సాక్ అయిపోతుంది. పాఠం తెలుగులో చెప్పండి, సందేహాలు తెలుగులో అడగనివ్వండి. రిపోర్టు మాత్రం మొదటి వారం నుంచే ఇంగ్లీషులో రాయించండి, ఎందుకంటే ఉద్యోగంలో అది తప్పదు. ఇది బీటెక్ వాళ్ల సొత్తు కూడా కాదు. పాలిటెక్నిక్, బీఎస్సీ కంప్యూటర్స్ చదివే పిల్లలు, ముఖ్యంగా ఊరి నుంచి బస్సులో వచ్చే ఆడపిల్లలు, లాగ్ చదవడంలో ఎవరికీ తీసిపోరు.

సర్టిఫికెట్లు చివర్లో. కాంప్‌టియా వాళ్ల సెక్యూరిటీ ప్లస్ పరీక్షలో 90 నిమిషాలు, 90కి మించకుండా ప్రశ్నలు, 900కి 750 రావాలి. పునాది పడ్డాక రాస్తే మంచిదే. అప్పు చేసి ఖరీదైన హ్యాకింగ్ సర్టిఫికెట్టు మొదటి ఏడాదిలోనే కట్టించే కోచింగులకు తల్లిదండ్రులు దూరంగా ఉండాలి.

ఇంటర్వ్యూకు తీసుకెళ్లడానికి సర్టిఫికెట్ల కన్నా టికెట్ల (ఒక్కో సంఘటన మీద రాసే చిన్న రిపోర్టుల) ఫైలు మేలు. ప్రతి ల్యాబు తర్వాత అయిదు లైన్లు రాయించండి. ఏం జరిగింది, ఎప్పుడు (మన టైము, యూటీసీ రెండూ), ఏ ఆధారంతో చెబుతున్నాం, ఎంత నష్టం, ఇప్పుడేం చేయాలి. ‘సర్వర్ హ్యాక్ అయినట్టు అనిపిస్తోంది’ అని రాస్తే వెనక్కి కొట్టండి. ఏ ఐపీ నుంచి, ఏ ఖాతాలోకి, ఏ లైను ఆధారంగా అన్నది ఉండాలి. రెండేళ్లలో అలాంటివి పాతిక మంచివి పోగవుతాయి. సొసైటీల్లో, మిల్లుల్లో చేసిన పని అందులో పెట్టేటప్పుడు సంస్థ పేరు, ఐపీలు, ఫోన్ నెంబర్లు తీసేయాలి. స్క్రీన్‌షాట్ మీద నల్లరంగు పూసి ఊరుకోకుండా ఆ భాగాన్ని కత్తిరించే పెట్టాలి. రిపోర్టు పీడీఎఫ్‌లో అయితే అక్షరాల మీద నల్లటి పెట్టె పెట్టినా కింద అవి అలాగే ఉంటాయి, కాపీ చేసి వేరేచోట పేస్టు చేస్తే బయటపడతాయి.